ఇండియన్ పాస్‌పోర్టుతో జమైకాలో ఓటు వేయొచ్చా? వేయొచ్చు, ఎలాగంటే...

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీవారి ఉద్యోగం వల్ల జమైకా రాజధాని కింగ్‌స్టన్ వచ్చి ఏడాదిన్నర అయింది, ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. మొన్న ఓ పార్టీ మనిషి గేటు దగ్గర నిలబడి "ఓటరుగా నమోదయ్యారా" అని అడిగితే ఇదేదో మోసమని తలుపేసుకున్నారు. మనకి ఇక్కడ ఓటెలా వస్తుంది, వస్తే నమోదు ఎలా, పోలింగ్ ఎలా జరుగుతుంది, ఇండియాలో ఉన్న ఓటుకి ఇబ్బందా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: మీ ఇద్దరికీ ఓటు హక్కు ఉంది. ఆయన అడిగింది మోసం కాదు. జమైకా రాజ్యాంగం ప్రకారం 18 ఏళ్లు నిండిన జమైకా పౌరులతో పాటు, నమోదుకు ముందు కనీసం 12 నెలలుగా ఇక్కడే నివాసం ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులు కూడా ఓటు వేయొచ్చు. ఇండియా కామన్వెల్త్ దేశం, అంతే సంగతి. లండన్‌లో చదువుకుంటున్న మన పిల్లలు ఇండియన్ పాస్‌పోర్టుతోనే అక్కడ ఓటేస్తారని వినే ఉంటారు. అదే సూత్రం, అదే బ్రిటిష్ వారసత్వం. ఇక్కడే పుట్టి పెరిగిన జమైకన్ న్యూయార్క్‌లో స్థిరపడితే అక్కడి నుంచి ఓటు వేయలేడు, పోస్టల్ బ్యాలెట్ లేదు. నిన్నగాక మొన్న వచ్చిన మనం మాత్రం వేస్తాం. ఈ మాట మీద ఇక్కడి మిత్రులు నన్ను చాలాసార్లు ఆటపట్టించారు.

నేను 2005లో లెక్కల టీచరుగా ఇక్కడికి వచ్చాను. అంతకుముందు ప్రకాశం జిల్లాలో ప్రభుత్వ బడిలో పనిచేస్తూ ఎన్నికల డ్యూటీలు చేశాను. ఇక్కడ 2007 నుంచి ఏ పార్లమెంటు ఎన్నికా వదల్లేదు. మనవాళ్లు పదిమందిదాకా నమోదు చేసుకుంటుంటే వెంట వెళ్లాను. కాబట్టి చట్టం పుస్తకంలో ఉన్నదానికన్నా, నేను చూసిందే ఎక్కువ చెప్తాను.

ముందు నమోదు సంగతి

మీ నియోజకవర్గంలో ఎలక్టొరల్ ఆఫీసు ఉంటుంది. పాస్‌పోర్టు, ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు చూపే కాగితాలు పట్టుకెళ్లండి. అక్కడ ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు, చిరునామా, వృత్తి, తల్లి పేరు లాంటివి రాసుకుంటారు. పైసా ఖర్చు లేదు. ఆ వేలిముద్రల్ని కంప్యూటర్‌లో జాబితా మొత్తంతో పోల్చి, ఒకే మనిషి రెండుచోట్ల ఎక్కకుండా చూస్తారు.

అసలు ఘట్టం ఆ తర్వాతే. మీరు చెప్పిన చిరునామాలో నిజంగా ఉంటున్నారో లేదో చూడటానికి ఇంటికి మనుషులొస్తారు. ఎలక్టొరల్ ఆఫీసు ఉద్యోగితో పాటు రెండు పెద్ద పార్టీల తరఫు పరిశీలకులకు కూడా వచ్చే హక్కు ఉంటుంది. మా ఇంటికి ముగ్గురూ ఒక సాయంత్రం వచ్చారు. ఆఫీసు మనిషి కాగితంలో రాసుకుంటుంటే మిగతా ఇద్దరూ మాట్లాడకుండా అటొకరు ఇటొకరు నిలబడ్డారు. నా పేరు నన్నడిగారు, పక్కింటావిడని పిలిచి "ఈ మనిషి ఇక్కడే ఉంటుందా" అని అడిగారు. ఆవిడ "టీచర్ కదా, రోజూ ఏడింటికి పోతుంది, సాయంత్రం ఇల్లంతా కూర వాసన" అంది. ఇద్దరు పార్టీవాళ్లూ ఒకేసారి నవ్వారు. వాళ్లిద్దరూ ఏకాభిప్రాయానికొచ్చింది బహుశా ఆ ఒక్క విషయంలోనే.

ఇది అయ్యాక పేరు జాబితాలోకి ఎక్కుతుంది, ఓటరు కార్డు వస్తుంది. జాబితా ఏడాదికి రెండుసార్లు ప్రచురిస్తారు: మే 31న ఒకటి, నవంబర్ 30న ఒకటి. మే జాబితాలో ఉండాలంటే మార్చి 31 లోపు, నవంబర్ జాబితాకైతే సెప్టెంబర్ 30 లోపు నమోదు కావాలి. నమోదు ఏడాది పొడుగునా ఉంటుంది గానీ, ఎన్నిక ప్రకటించాక పరిగెత్తుకెళ్తే ఆ ఎన్నికకు ఉపయోగం ఉండదు. అప్పటికి చివరగా ప్రచురించిన జాబితాతోనే పోలింగ్ జరుగుతుంది. ప్రతిసారీ మనవాళ్లు కనీసం ఒకరిద్దరు ఇక్కడే దెబ్బతింటారు.

ఒక తెలుగు ఇబ్బంది చెప్తాను. మన ఇంటిపేర్లు. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు అటూ ఇటూ పడ్డాయి. నేను దరఖాస్తులో ఒకలా రాశాను, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంది. 2007లో పోలింగ్ కేంద్రానికి వెళ్తే జాబితాలో నా పేరు లేదన్నారు. ఇంటిపేరు వరుసలో వెతుకుతున్నారు, నేను అసలు పేరు అక్షరం కింద ఉన్నాను. వెనక లైను పెరిగిపోతోంది, నాకు టెన్షన్. చివరికి పార్టీ ఏజెంట్లలో ఒకమ్మాయి తన కాపీ తిప్పుతూ తిప్పుతూ "ఇదుగో, ఇక్కడుంది" అని వేలు పెట్టి చూపించింది. కాబట్టి పాస్‌పోర్టులో ఏ వరుసలో ఉందో అదే వరుసలో రాయించండి, జాబితా ప్రచురించగానే ఒకసారి చూసుకోండి.

ఇల్లు మారితే ఓటు కూడా మార్పించుకోవాలి. మా స్నేహితురాలు పోర్ట్‌మోర్ నుంచి మాండెవిల్ మారి ఆ సంగతే మర్చిపోయింది. పోలింగ్ రోజు పాత పేటకే కారేసుకుని పోవాల్సి వచ్చింది.

ఇంత అనుమానం ఎందుకు?

ఓటరు ఇంటికి ఇద్దరు ప్రత్యర్థుల్ని వెంటేసుకుని రావడమేంటని మొదట్లో నాకూ వింతగా ఉండేది. మన దగ్గర బూత్ లెవెల్ ఆఫీసరు ఒక్కడే వచ్చి రాసుకుపోతాడు కదా. ఇక్కడి చరిత్ర తెలిశాక ఆశ్చర్యం పోయింది.

జమైకాలో వయోజనులందరికీ ఓటు హక్కు 1944లోనే వచ్చింది, మన మొదటి సార్వత్రిక ఎన్నికలకంటే ముందు. అప్పటినుంచీ రెండే పార్టీలు. జమైకా లేబర్ పార్టీ, అంటే జేఎల్‌పీ, పచ్చ రంగు, గంట గుర్తు. పీపుల్స్ నేషనల్ పార్టీ, పీఎన్‌పీ, నారింజ రంగు, తల గుర్తు. జేఎల్‌పీని అలెగ్జాండర్ బుస్టమాంటే, పీఎన్‌పీని నార్మన్ మాన్లీ పెట్టారు. ఇద్దరూ బంధువులే. జేఎల్‌పీ వాళ్లని 'లేబరైట్' అంటారు, పీఎన్‌పీ వాళ్లని 'కామ్రేడ్' అంటారు. ఆఫీసులో ఎవరు ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

70ల్లో ఇది ముదిరింది. కింగ్‌స్టన్‌లో కొన్ని పేటలు పూర్తిగా ఒక పార్టీ కోటలైపోయాయి. వాటిని ఇక్కడ 'గారిసన్' అంటారు. ఇల్లు, పని, రక్షణ అన్నీ పార్టీ పెద్దల చేతిలో. అలాంటిచోట అవతలి పార్టీ ఏజెంటుగా కూర్చోవడానికి ఎవరు సాహసిస్తారు? పెట్టెల్లో ఓట్లు నింపుకోవడం, జాబితాలో ఉన్నవాళ్లకన్నా పడ్డ ఓట్లు ఎక్కువ ఉండటం, అన్నీ జరిగాయి. 1980లో అక్టోబర్ 30న ఎన్నిక జరిగింది. ఆ ఏడాది హింసలో చనిపోయిన వాళ్లు 800కు పైనే అంటారు. అప్పటికి దేశ జనాభా ఇరవై లక్షలు దాటి కొంచెం. మా బడిలో పెద్దవయసు టీచర్లు ఆ ఏడాది గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ఒకావిడ చెప్పేది, ఆ రోజుల్లో నారింజ రంగు గౌను వేసుకుని బస్సెక్కేదాన్ని కాదని.

తర్వాత 1983లో ఇంకో ముచ్చట. అధికారంలో ఉన్న జేఎల్‌పీ హఠాత్తుగా ఎన్నిక పెట్టింది. కొత్త ఓటరు జాబితా తయారయ్యాకే ఎన్నిక అని ఒప్పందం ఉందని, పాత జాబితాతో పోటీ చేయమని పీఎన్‌పీ బహిష్కరించింది. 60 సీట్లలో 54 చోట్ల పోటీయే లేదు. అరవైకి అరవై జేఎల్‌పీకే. పార్లమెంటు దిగువ సభలో ప్రతిపక్షం అన్న మాటే లేకుండా పోయింది. ఓటరు జాబితా అనేది ఈ దేశంలో ఉత్త కాగితం కాదని దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఈ గొడవల మధ్యే 1979లో రెండు పార్టీలూ కూర్చుని ఎలక్టొరల్ అడ్వైజరీ కమిటీ అని పెట్టుకున్నాయి. అదే 2006లో ఎలక్టొరల్ కమిషన్ ఆఫ్ జమైకా అయింది. దీని కూర్పు చూడండి: ప్రధాని పంపినవాళ్లు ఇద్దరు, ప్రతిపక్ష నాయకుడు పంపినవాళ్లు ఇద్దరు, ఏ పార్టీకీ చెందని నలుగురు, వాళ్లతో పాటు డైరెక్టర్ ఆఫ్ ఎలక్షన్స్. ఆ నలుగురి మీద ప్రధానికీ ప్రతిపక్ష నాయకుడికీ ఇద్దరికీ అంగీకారం కుదరాలి. మన ఎన్నికల సంఘంలో పార్టీవాళ్లని కూర్చోబెట్టడం ఊహించలేం కదా. మనం పార్టీల్ని బయట ఉంచి నిష్పక్షపాతం తెచ్చుకోవాలని చూస్తాం. వీళ్లు ఇద్దర్నీ లోపల కూర్చోబెట్టి, ఒకరి మీద ఒకరిని కాపలా పెట్టారు. కమిషన్ ఏకగ్రీవంగా సిఫార్సు చేసినదాన్ని పార్లమెంటు మార్చకుండా ఆమోదించడం ఆనవాయితీ. నా అభిప్రాయం అడిగితే ఈ దేశ పరిస్థితికి ఇదే సరైన మందు. 1997 నుంచి విదేశీ పరిశీలకులు, కాఫే (CAFFE) అనే స్థానిక పౌర సంస్థ మనుషులు కూడా కేంద్రాలు తిరగడం మొదలుపెట్టారు. ఇప్పటి ఎన్నికలు ప్రశాంతంగా జరుగుతాయి, భయపడాల్సింది లేదు.

తేదీ ఎవరు పెడతారు?

ప్రధాని. పార్లమెంటు గడువు అయిదేళ్లు, ఆ లోపు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. షెడ్యూలు కోసం ఎన్నికల సంఘం ప్రెస్‌మీట్ వైపు చూసే అలవాటు మనది. ఇక్కడ ప్రధాని బహిరంగ సభలో తేదీ ప్రకటిస్తే జనం ఈలలేస్తారు. 2025లో కింగ్‌స్టన్‌లోని హాఫ్ వే ట్రీ సభలో అలాగే జరిగింది. లాంఛనంగా బ్రిటన్ రాజు తరఫు గవర్నర్ జనరల్ సంతకం చేస్తాడు. అక్కడినుంచి అంతా పరుగే: ఆగస్టు 10న ప్రకటన, 18న నామినేషన్లు, సెప్టెంబర్ 3న పోలింగ్. నామినేషన్ల రోజుకీ పోలింగ్‌కీ మధ్య 16 నుంచి 23 రోజులు ఉండాలని చట్టం. ఏడు విడతలు, నెలన్నర ప్రచారం చూసిన మనకి ఇది పెళ్లిచూపులంత సేపు. ఇంకో విచిత్రం, 2007, 2020, 2025 మూడు ఎన్నికలూ సెప్టెంబర్ 3నే జరిగాయి. 2007లోదైతే ఆగస్టు 27న కావాల్సింది, డీన్ తుఫాను వల్ల వారం వెనక్కి పోయింది.

దిగువ సభకు 63 మంది. ఇదివరకు 60 ఉండేవి, 2011 ఎన్నికకి 63 చేశారు. బేసి సంఖ్య అయితే సరిసమానం అయ్యే గొడవ ఉండదని. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే, మనలాగే. పైసభలో 21 మందీ నియమితులే, మీ ఓటుతో దానికి సంబంధం లేదు: 13 మందిని ప్రధాని, 8 మందిని ప్రతిపక్ష నాయకుడు సూచిస్తారు. స్థానిక ఎన్నికలకి కూడా మీకు ఇదే కార్డు, ఇదే జాబితా.

పోలింగ్ రోజు

ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు. సెలవు దినం కాదు. కానీ భోజన విరామం కాక మూడు గంటలు ఓటుకోసం వదలాలని యజమానికి చట్టం చెప్తుంది. మీవారి ఆఫీసులో మొహమాటపడకుండా అడగమనండి. పోలీసులు, సైనికులు, ఎన్నికల సిబ్బంది కొద్ది రోజుల ముందే ఓటేసేస్తారు.

లోపల ఒక ప్రిసైడింగ్ ఆఫీసరు, ఒక పోల్ క్లర్కు, అభ్యర్థుల తరఫు ఏజెంట్లు ఉంటారు. ఆ ఏజెంట్లని ఇక్కడ 'ఇండోర్ ఏజెంట్' అంటారు. మీ పేరు, చిరునామా, వృత్తి అందరికీ వినపడేలా చెప్పాలి. నేను ఒంగోలు దగ్గర పల్లెలో ప్రిసైడింగ్ ఆఫీసరుగా ఉన్నప్పుడు పేరు, క్రమసంఖ్య మాత్రమే పిలిచేవాళ్లం. ఇక్కడ "లెక్కల టీచర్" అని నలుగురి ముందు చెప్పుకోవాలి.

కార్డు లేకపోతే? జాబితాలో పేరుంటే కార్డు లేకున్నా ఓటు వేయొచ్చు. ఇది చాలామంది ఇక్కడివాళ్లకే తెలియదు. 2016లో పోలింగ్‌కి నాలుగు రోజుల ముందే కార్డుతో సహా నా పర్సు పోయింది. వెళ్లి చెప్పాను. వాళ్ల దగ్గర ఓటర్ల ఫొటోలూ వివరాలూ ఉన్న పుస్తకం ఉంటుంది. నా పేజీ తీసి పుట్టినతేదీ అడిగారు, అమ్మ పేరు అడిగారు. మా అమ్మ పేరు నేను పలికితే ఆ అమ్మాయికి అర్థం కాలేదు, పుస్తకంలో ఉన్నది ఆమె చదివితే నాకు అర్థం కాలేదు. చివరికి అక్షరం అక్షరం చెప్పుకున్నాం. వేలిముద్ర తీసుకుని ఓటిచ్చారు. కొన్ని నియోజకవర్గాల్లో వేలిముద్ర చూసి మనిషిని గుర్తుపట్టి బ్యాలెట్ ఇచ్చే యంత్రాలు కూడా ఉన్నాయి. కార్డు ఉంటే ఇదంతా రెండు నిమిషాల పని, అందుకే పారేసుకోకండి.

ఓటు వేసే యంత్రం మాత్రం లేదు, బ్యాలెట్ కాగితమే. ఈవీఎంలకి అలవాటుపడ్డ మీ వయసువాళ్లకి ఇది కొత్త. ప్రిసైడింగ్ ఆఫీసరు వెనకవైపు తన సంతకం అక్షరాలు వేసి, మడిచి ఇస్తుంది. అట్ట చాటుకి వెళ్తే అక్కడో పెన్సిలు ఉంటుంది. మీకు కావలసిన అభ్యర్థి గుర్తు పక్కన ఇంటూ మార్కు పెట్టాలి. 1999లో మేం బాణం గుర్తు రబ్బరు స్టాంపు ఇచ్చేవాళ్లం. తడి ఆరకుండా మడిస్తే అవతలి గుర్తు మీద మరక పడి, ఎవరికి వేశారో తేలక మా చావుకొచ్చేది. పెన్సిలుతో ఆ బాధ లేదు. కానీ ఇంటూ బదులు టిక్కు పెట్టడం, ఇద్దరికీ పెట్టడం, పేరు రాయడం లాంటివి వద్దు. మీ ఆనవాలు పట్టించే ఏ గీత ఉన్నా ఓటు చెల్లకుండా పోతుంది.

ఎలా మడిచి ఇచ్చిందో అలాగే మళ్లీ మడిచి తేవాలి. మీరు తెచ్చింది తను ఇచ్చిన కాగితమేనా అని ఆమె సంతకం, నంబరు చూసి, నంబరున్న ముక్కని చించేస్తుంది. బయటినుంచి ముందే నింపిన కాగితం తెచ్చి వేసి, ఖాళీది జేబులో పెట్టుకెళ్లే పాత మోసానికి ఇది విరుగుడు. ఆ చిరిగిన ముక్క వల్ల, పెట్టెలో పడ్డ కాగితం ఎవరిదో తర్వాత ఎవరూ చెప్పలేరు. ఫోన్ బయటికి తీయొద్దు, ఓటుకి ఫొటో తీయడం నేరం. ఓటు కొన్నవాడికి రుజువు చూపించడానికి పనికొస్తుందని.

సిరా గురించి చెప్పకపోతే ఎలా! మన దగ్గర మైసూరు సిరాతో ఎడమ చూపుడువేలి గోరు మీద చిన్న గీత గీస్తారు కదా. ఇక్కడ కుడి చూపుడువేలు సీసాలో ముంచేస్తారు. మొదటి కణుపుదాకా నల్లగా అవుతుంది. మొదటిసారి నేను ఇంటికొచ్చి చెయ్యి కడుక్కోకుండా పెరుగన్నం కలపబోయి ఆగిపోయాను. కుడిచెయ్యి, పైగా అదే వేలు! నాలుగు రోజులు చెంచాతో తిన్నాను. ఆ తర్వాతి ఎన్నికనుంచి ఆ వారం ఇంట్లో నూడిల్సే.

లెక్కింపు

అయిదింటికి తలుపులు మూస్తారు. అదే గదిలో, అదే బల్ల మీద, ఏజెంట్ల ఎదుటే పెట్టె విప్పి లెక్కపెడతారు. మనలా స్ట్రాంగ్‌రూమ్‌లో వారాల తరబడి దాచడం లేదు. ఒక్కో కాగితం ఎత్తి చూపిస్తుంటే ఏజెంట్లు తమ కాగితంలో గీతలు గీసుకుంటారు. ఆ లెక్క ఫోన్‌లో పైకి పోతుంది. రాత్రి భోజనాల వేళకి దేశమంతటికీ ఎవరు గెలిచారో తెలిసిపోతుంది. కానీ అది ప్రాథమిక లెక్కే. మర్నాటినుంచి రిటర్నింగ్ ఆఫీసరు అన్ని పెట్టెలూ మళ్లీ తెరిచి అసలు లెక్క చేస్తాడు. అది కూడా నచ్చకపోతే న్యాయమూర్తి ముందు తిరిగి లెక్క పెట్టించుకోవచ్చు.

దీని విలువ 2016లో చూశాను. ఫిబ్రవరి 25 రాత్రి పక్కింటివాళ్ల టీవీ ముందు కూర్చుంటే జేఎల్‌పీ 33, పీఎన్‌పీ 30 అన్నారు. ఆగ్నేయ సెయింట్ మేరీ నియోజకవర్గంలో జేఎల్‌పీ అభ్యర్థి నార్మన్ డన్ గెలిచాడనుకుని పడుకున్నాం. తిరిగి లెక్కపెడితే పీఎన్‌పీ అభ్యర్థి విన్‌స్టన్ గ్రీన్ అయిదు ఓట్లతో గెలిచాడు. అయిదే అయిదు! దాంతో 32-31 అయింది, ప్రభుత్వం ఒక్క సీటు మీద నిలబడింది. మరుసటి ఏడాది గ్రీన్ చనిపోతే ఉపఎన్నికలో డన్ గెలిచాడు.

ఇంత పకడ్బందీగా చేస్తారు గానీ జనం రావడంలేదు, అది నాకు బాధగా ఉంటుంది. అంత రక్తపాతం జరిగిన 1980లో 86 శాతం దాటి ఓటేశారు. కోవిడ్ మధ్యలో జరిగిన 2020లో 38 శాతం లోపే. 2025లో ఆండ్రూ హోల్‌నెస్ వరసగా మూడోసారి గెలిచినప్పుడు కూడా 40 దాటలేదు. మా పోలింగ్ కేంద్రంలో మధ్యాహ్నం పూట పోల్ క్లర్కు బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తుంటే నేను దగ్గి లేపాను.

మీరు అడగలేదు గానీ తెలుసుకోవాల్సినవి

ఓటే కాదు, ఏడాది నివాసం ఉన్న కామన్వెల్త్ పౌరుడు 21 ఏళ్లు నిండితే ఇక్కడ పార్లమెంటుకి పోటీ కూడా చేయొచ్చు. చట్టం ప్రకారం మీవారు నిలబడొచ్చన్నమాట! అదే ఇక్కడ పుట్టినవాడు అమెరికా పౌరసత్వం కూడా పెట్టుకుంటే అనర్హుడు. డారిల్ వాజ్ అనే ఆయన 2007లో పశ్చిమ పోర్ట్‌లాండ్ నుంచి గెలిచాడు. అమెరికా పాస్‌పోర్టు ఉందని ఓడినాయన కోర్టుకెక్కితే 2008లో ఎన్నిక రద్దయింది. ఆయన అమెరికా పౌరసత్వం వదులుకుని 2009 ఉపఎన్నికలో మళ్లీ గెలిచాడు. బ్రిటన్ కామన్వెల్త్ కాబట్టి బ్రిటిష్ పాస్‌పోర్టుకి ఆ అడ్డు లేదు. పీఎన్‌పీ నాయకుడు మార్క్ గోల్డింగ్‌కి బ్రిటిష్ పౌరసత్వం ఉందని 2024లో బయటపడినప్పుడు చట్టం తప్పుపట్టలేదు, జనం తప్పుపట్టారు. చివరికి వదులుకుంటానన్నాడు.

మీ ప్రశ్న కింద ఇంకెవరో "కరీబియన్ అంతా ఇంతేనా" అన్నారు. కాదు. ట్రినిడాడ్, గయానాల్లో కూడా కామన్వెల్త్ పౌరులకు ఓటుంది, బార్బడోస్‌లో మూడేళ్లు నివాసం ఉండాలి. గయానాలో మెడిసిన్ చదివే మన పిల్లలు గమనించాల్సింది, అక్కడ నియోజకవర్గానికో అభ్యర్థి అన్న పద్ధతి కాదు, పార్టీ జాబితాకి ఓటేస్తారు, 65 సీట్లు ఓట్ల నిష్పత్తిలో పంచుతారు. 2020 మార్చి 2న ఓట్లేస్తే గొడవలు, తిరిగి లెక్కింపులు అయి ఫలితం ఆగస్టు 2న ప్రకటించారు. డొమినికా కామన్వెల్త్ దేశం, డొమినికన్ రిపబ్లిక్ కాదు. పేరు చూసి పొరబడకండి.

ఇండియా ఓటు సంగతి. ఇక్కడ ఓటరుగా నమోదైతే ఇక్కడి పౌరసత్వం తీసుకున్నట్టు కాదు. పౌరసత్వం తీసుకుంటేనే ఇండియన్ పాస్‌పోర్టు పోతుంది. మీరు ఇక్కడ ఓటరుగా ఉంటూనే ఇండియాలో ప్రవాస ఓటరుగా ఫారం 6ఏతో నమోదు చేసుకోవచ్చు. కాకపోతే ఓటు వేయాలంటే పాస్‌పోర్టు పట్టుకుని మీ ఊరి పోలింగ్ బూత్‌కే వెళ్లాలి. కింగ్‌స్టన్ నుంచి టికెట్ ధర చూశాక మీరే నిర్ణయించుకోండి.

రెండు జాగ్రత్తలు. పోలింగ్ రోజు పచ్చ బట్టలు, నారింజ బట్టలు వద్దు. చీర ఎంత అందంగా ఉన్నా సరే. తెలుపో నీలమో కట్టుకుని వెళ్లండి. రెండోది, గేటు దగ్గరికి వచ్చిన పార్టీ మనిషికి పాస్‌పోర్టు, దాని నకలు, ఏదీ ఇవ్వకండి. ఆయన గుర్తు చేయడం వరకే, నమోదు ఆఫీసులోనే జరుగుతుంది. "థాంక్స్, మేమే వెళ్తాం" అంటే చాలు, ఏమీ అనుకోరు.

నమోదయ్యాక కొన్ని వారాలకి ఆ ముగ్గురూ మీ ఇంటికీ వస్తారు. ఏ రోజు వస్తారో ముందే చెప్పరు. మీ ఇంటివాళ్లకి, పక్కవాళ్లకి ఓ మాట చెప్పి ఉంచండి. కుక్క ఉంటే కట్టేయండి. మా వీధిలో ఒకాయన గేటుకి 'బ్యాడ్ డాగ్' బోర్డు, వెనక నిజంగానే అలాంటి కుక్క. రెండుసార్లు వచ్చి రెండుసార్లూ గేటు బయటినుంచే తిరిగి వెళ్లిపోయారు, ఆ సంవత్సరం ఆయన పేరు జాబితాకెక్కలేదు.